ఆటల పెట్టె ఆయుష్షు

ఏ వస్తువునైనా కటిక నేల మీద పెడితే మా నాయనకు ప్రాణం ఒప్పేది కాదు. మాది ఆదోనిలో దూదేకులవాళ్ల ఇల్లు. ముందు పడసాలలో దూది ఏకే మిషను, దాని పక్కన పరుపులు కుట్టే చాప, వెనక గదుల్లో మేము. కుట్టుమిషను కాళ్ల కింద మెత్త, రేడియో కింద మెత్త, ఆఖరికి ఊరగాయ జాడీ కింద కూడా ఒక మెత్త ఉండేది. నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో నన్ను తక్కెడలో వేయబోతుంటే నాయన జేబులోంచి దూది తీసి అందులో పరిచాడని అమ్మ చెప్పి నవ్వేది. నిజమో కాదో నాకు తెలీదు. కానీ ఆయన్ను ఎరిగినవాళ్లెవరూ ఆ మాటను అబద్ధమనరు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి నాలుగు మాటలు రాసుకుందామని కూర్చుంటే, నా చేతుల కిందున్న ఈ లాప్‌టాప్ గురించి రాయక తప్పడం లేదు. ఇది ఇన్నేళ్లు బతకడానికీ, ఆయన బతకకపోవడానికీ కారణం ఒకటే.

నేను పెళ్లి వీడియోలు తీస్తాను. ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి, అప్పుడప్పుడు కర్ణాటక సరిహద్దులోని హొళగుంద. హొళగుంద పెళ్లిళ్లలో సగం పాటలు కన్నడంలోనే పెట్టాలి, లేకపోతే పెళ్లికొడుకు మేనమామలు ఊరుకోరు. ఈ పనికి మామూలు లాప్‌టాప్ చాలదు. గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ లాప్‌టాప్ అయితే రోజంతా పట్టే పని పూటలో తెమిలిపోతుంది. ఎవరో ఆటలాడుకునే పిల్లల కోసం చేసిన దానితో మాలాంటివాళ్లం బండ చాకిరీ చేయించుకుంటాం. బెంగళూరులో పని చేసే స్నేహితుడొకడు నాకు ఇది తెచ్చి ఇచ్చినప్పుడు నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. మీటల కింద ఎర్రగా, పచ్చగా వెలుగుతున్న దీపాలు చూసి, "ఏందిరా ఇది, పీర్ల పండగ సింగారమా?" అన్నాడు. ఆటల కోసం చేసిందని చెబితే, "పెండ్లీడు దాటిపోతాండాది, నీకు ఆటల పెట్టె ఏంటికిరా?" అన్నాడు. ఆ పేరే దానికి నిలిచిపోయింది.

మా ఇద్దరి పనీ పెళ్లిళ్లతోనే. మా వైపు ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు కొత్త దూదితో కుట్టిన పరుపు, దిండ్లు వెంట పంపుతారు. చాలాసార్లు ఒకే పెళ్లికి నాయన పరుపు, నా వీడియో. దాని మీద ఆయన నన్ను ఆటపట్టించేవాడు. "నా పరుపు మీద వాళ్ల పిల్లోళ్లు గూడ పండుకుంటారు. నీ సినిమా మూడుసార్లు సూస్తారు, నాలుగోసారి యాడ పెట్టినారో మర్సిపోతారు." నేను ఉడుక్కునేవాణ్ని. అది నిజం కాబట్టే మరీ ఉడుక్కునేవాణ్ని. పరుపు గట్టిపడితే విప్పి, దూదిని మళ్లీ ఏకితే కొత్తదైపోతుంది. దూదికి చావు లేదనేవాడు నాయన. నా పెట్టె చూస్తే, కొన్న రోజు నుంచే పాతదవుతూ వచ్చే సరుకు.

కొన్న వారానికే నాయన దానికి ఒక చిన్న పరుపు కుట్టాడు. సరిగ్గా దాని కొలతకు, కొత్త దూదితో, చారల పరుపు గుడ్డతో, నాలుగు అంచులా గట్టి కుట్టు వేసి. బల్ల మీద పరిచి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, దూరంగా నిలబడి చూసుకున్నాడు. "ఇప్పుడు దానికి రవ్వంత సుఖంగా ఉంటాది" అన్నాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. పక్కింటివాళ్లు తమ టీవీకి కూడా అట్లాంటిది ఒకటి కుట్టమన్నారు. నాకూ ముచ్చటగానే ఉండేది. పరుపులు కుట్టేవాళ్ల ఇంట్లో ప్రేమ చూపించడమంటే కింద దూది పరచడమే కదా.

ఈ జాతి లాప్‌టాప్‌లకు బలమెంతో వేడీ అంతే. అడుగు నుంచి గాలి పీల్చుకుంటాయి, వెనక నుంచి వేడి వదులుతాయి. మెత్తటి పరుపు మీద దిగబడి కూర్చుంటే కిందున్న రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. దానికి తోడు మా పడసాలలో గాలే లేదు, ఉన్నదంతా దూది. అన్నంలో దూది, కనురెప్పల మీద దూది. పాత పరుపులు ఏకే రోజైతే ఊళ్లోవాళ్ల ఇళ్ల దుమ్మంతా మా ఇంట్లోనే. పెట్టెలో ఫ్యాను రోజురోజుకూ గట్టిగా అరవడం మొదలుపెట్టింది. మిషను ఆపి మరీ నాయన ఆ చప్పుడు వినేవాడు. "దానికి ఆయాసం వస్తాండాది సూడు. నీళ్లు గూడ తాగనీకుండ పని సేపిస్తాండావు" అని నన్నే తిట్టేవాడు.

ఆ వేసవిలో ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల ఇంటి పెళ్లి వీడియో సిద్ధం చేస్తుంటే అది టక్కున ఆరిపోయింది. మళ్లీ వేస్తే వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. అడుగు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. పెళ్లికూతురి అన్న ఫోన్ల మీద ఫోన్లు. నాకు అసలే కోపం ఎక్కువ, ఆ రోజు అమ్మ మీద, కరెంటు మీద, ఆ పెళ్లి చేసుకున్నవాళ్ల మీద కూడా అరిచాను. నాయన ఎమ్మిగనూరుకు పరుపులు తీసుకుపోయే ట్రాలీ ఆటోలో నన్నూ, నా పెట్టెనూ ఎక్కించాడు. ఆ ఊరి బస్టాండు దగ్గర నాతోపాటు చదువుకున్నవాడు కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు.

అతను అడుగు మూత విప్పి, ఫ్యాను పక్కకు తీశాడు. వేడి బయటికి పోయే రాగి రెక్కలకు అడ్డంగా బూడిదరంగు పొర ఒకటి మందంగా అతుక్కుని ఉంది. పట్టకారుతో లాగితే ముక్కలవకుండా మొత్తంగా ఊడి వచ్చింది.

"ఇదేందప్పా, లోపల కంబళి నేసి పెట్టినారు" అని నవ్వాడు అతను.

నాయన ఆ పొరను చేతిలోకి తీసుకుని, వేళ్లతో సాగదీసి, వెలుగుకు పట్టి చూశాడు. నవ్వలేదు. "మన దూదే" అన్నాడు.

చిన్న పరుపు సంగతి నేను చెప్పాను. అతను పగలబడి నవ్వాడు. "పండబెట్టినారా దీన్ని? ఇది మనిషి కాదు పెద్దాయనా. దీనికి గట్టి బల్లే సుఖం." నాయన చిన్నబోయాడు. పంచె అంచు సర్దుకుంటూ, "మెత్తగా ఉండాలని నేనే కుట్టినాను" అని మెల్లగా అన్నాడు. తరవాత అడిగాడు. "ఎన్నేండ్లు బతుకుతాదప్పా ఇది?"

"వాడుకునేదాన్ని బట్టి ఉంటాది. మామూలుగా అయితే నాలుగైదేండ్లు. బాగా సూసుకుంటే ఇంకా పైనే వస్తాది. కరెంటు ఎచ్చుతగ్గులు లేకుండ సూసుకోవల్ల, పొద్దస్తమానం చార్జింగులో పెట్టకూడదు, వేడి తగలనీకూడదు. బ్యాటరీ పోతే మార్సొచ్చు, మీటలు పోతే మార్సొచ్చు. లోపల చిప్పు వేడికి కాలిపోయిందంటే మాత్రం సెయ్యగలిగింది ఏమీ లేదు. దీనికి అన్నిటికంటే శత్రువు దుమ్మే. మీ ఇంట్లో ఆ మిషనున్నంత కాలం నేనెన్నిసార్లు తుడిసినా ఇది ఇంతే."

ఆదోనికి తిరిగొచ్చేటప్పుడు పరుపులు దించేసిన ఖాళీ ట్రాలీలో ఇద్దరం కూర్చున్నాం. ఊరు దగ్గరపడ్డాక నాయన, "దుమ్ముకు అంత బలముంటాదా?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఇంటికి రాగానే చిన్న పరుపు కుట్లు విప్పి, ఆ దూదిని ఎవరి బిడ్డకో కుడుతున్న దిండులో కలిపేశాడు.

ఆ నెలలోనే దూది మిషను మా పడసాల నుంచి వెళ్లిపోయింది. ఊరి చివర, ఎమ్మిగనూరు రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు దొరికింది నాయనకు. ఎందుకు మారుస్తున్నావని అమ్మ అడిగితే దాపరికమేమీ లేకుండానే చెప్పాడు. "పిల్లోని పెట్టెకు దుమ్ము పడదంట. వాని అన్నం దాంట్లోనే ఉండాది గదా. నాదేముంది, మిషను యాడ పెట్టినా దూది దూదే."

ఆ షెడ్డుకు కిటికీలు లేవు. పక్క స్థలంలో మిరపకాయలు ఎండబోసుకునేవాళ్లు దూది ఎగిరొచ్చి వాటి మీద పడుతోందని గొడవకొచ్చారు. మా వైపు గాలి సంగతి తెలిసిందే, వాకిలి తీస్తే ఏకిన దూది ఏకినట్టే ఎగిరిపోతుంది. అందుకని నాయన తలుపు మూసుకుని పని చేసేవాడు. మా పడసాల వీధిలోకి తెరిచి ఉండేది. మిషను నుంచి లేచిన దుమ్ములో సగం ఏ పూటకు ఆ పూట వీధిలోకి కొట్టుకుపోయేది. ఈ తేడా మాకెవరికీ తట్టలేదు. మేము చూసింది మా ఇంటిని. కిటికీ ఊచల మీద తెల్లటి పొర లేదు, చారులో దూది తేలడం లేదు. అమ్మ కొత్త కోడలిలా ఇల్లంతా సర్దుకుంది. పడసాల నాకు ఎడిటింగ్ గది అయింది.

సాయంత్రం ఇంటికొస్తే నాయన నేరుగా లోపలికి వచ్చేవాడు కాదు. వాకిట్లోనే చొక్కా విప్పి, దులిపి, తల మీద నీళ్లు పోసుకుని, బట్టలు మార్చుకున్నాకే గడప దాటేవాడు. చలికాలం కూడా అంతే. "ఇంట్లోకి దుమ్ము తేగూడదు" అనేవాడు. లోపలికి రాగానే అడిగేది ఒకటే మాట. "ఊదినావా దాన్ని?" నేను చిన్న ఊదే మిషను ఒకటి కొనుక్కున్నాను. వారానికోసారి పెట్టె రంధ్రాల్లోకి గాలి ఊదడం, ఏడాదికోసారి ఎమ్మిగనూరు తీసుకుపోయి విప్పించి, చిప్పు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది పూయించడం నియమంగా పెట్టుకున్నాను. ఒకసారి బ్యాటరీ ఉబ్బి అడుగు మూత పైకి లేచింది, మార్పించాను. మూతను పట్టి ఉంచే బిజాగిరి విరిగింది, వేయించాను. నాలుగేళ్లు గడిచాయి, అయిదూ గడిచాయి. నాతో పాటే కొన్న మిగతా వీడియోవాళ్లవి ఒక్కొక్కటే మూలపడ్డాయి. నాది మాత్రం నడుస్తూనే ఉంది. నువ్వు వస్తువును బాగా చూసుకుంటావని అందరూ మెచ్చుకునేవాళ్లు, నేనూ మురిసిపోయేవాణ్ని.

నాయన దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. దూదేకేవాళ్ల ఇంట్లో దగ్గును ఎవరూ పట్టించుకోరు. మిట్ట ఎక్కితే ఆగేవాడు. తరవాత చదునైన రోడ్డు మీద కూడా ఆగడం మొదలుపెట్టాడు. అడిగితే, "ఎండ" అనేవాడు. వాన పడుతున్నా ఎండే అనేవాడు. మాత్రలు తెచ్చుకుని షెడ్డులోనే దాచుకుని మింగేవాడని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక ఆదివారం నేను లాప్‌టాప్ అడుగు మూత విప్పుకుని తుడుచుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాను రెక్కల మీద బ్రష్షు తిప్పుతుంటే చాలాసేపు చూశాడు. తరవాత చొక్కా బొత్తాం ఒకటి విప్పి, రొమ్ము చూపించి, "ఇదే సేత్తో నన్ను గూడ ఇప్పి ఊదరాదా? ఈడ గూడ కంబళి ఉండాది" అన్నాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వబోయాడు గానీ దగ్గొచ్చింది. అది ఎంతకీ ఆగలేదు. అమ్మ నీళ్లచెంబు పట్టుకుని నిలబడి, మా ఇద్దర్నీ తిట్టింది. మరుసటి రోజే కర్నూలుకు తీసుకుపోయాను.

పరీక్షలన్నీ చూశాక డాక్టరు నాయననే అడిగాడు, ఏం పని చేస్తావు, ఎక్కడ చేస్తావు అని. షెడ్డు అన్నాడు నాయన. కిటికీలున్నాయా అంటే లేవన్నాడు. తలుపు మూసుకుంటానన్నాడు. మొదటి నుంచీ అక్కడేనా అంటే, "కాదు సార్, ముందు ఇంటికాడ, వీధి పడసాలలో" అన్నాడు.

"మరి ఆ షెడ్డులోకి ఎందుకు మార్చావు?"

నాయన నా వైపు చూడలేదు. పైన తిరుగుతున్న ఫ్యానును చూశాడు. "ఇంటికాడ కరెంటు సాల్లేదు సార్. మిషను లాగలేదు."

"కాదు డాక్టర్..." అని నేను నోరు తెరిచాను. బల్ల కింద నాయన చెయ్యి నా మోకాలిని గట్టిగా నొక్కింది. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఊపిరితిత్తుల్లో చేరింది ఇక బయటికి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవడమేననీ చెప్పాడు.

బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నాను. నాయన కాసేపు ఏడవనిచ్చాడు. తరవాత, "ఏమిరా, నేను నీ పెట్టె కోసం సచ్చిపోతాండానని అనుకుంటాండావా? పుట్టినకాడి నుంచి దూదిలో ఉండేవాణ్ని. దూది నాకేమన్నా కొత్తనా?" అన్నాడు. కొత్త కాదు నాయనా, తలుపు మూయడమే కొత్త అని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఎమ్మిగనూరులో బస్సు ఆగితే దిగి నాకు టీ తెచ్చి ఇచ్చాడు. ఆ నాలుగు అడుగులకే ఆయన రొప్పుతున్నాడు.

ఆ తరవాత దూది మిషను ఆగిపోయింది. మా పడసాలలోకి ఇంకో మిషను వచ్చింది, ఆక్సిజను ఇచ్చేది. దానికీ ఒక ఫ్యాను, వెనక దుమ్ము పట్టే జల్లెడ. వారానికోసారి నేను దాన్ని కడిగి ఆరబెట్టేవాణ్ని. ఒక పక్క నా పెట్టె, ఒక పక్క ఆయన పెట్టె. "రెండిట్లో ఏది ఎక్కువ కాలం వస్తాదో సూద్దాం" అనేవాడు ముక్కులో గొట్టాలతోనే. కరెంటు పోతే నా లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేది. ఆయనది ఆగిపోయేది. అలాంటప్పటి కోసం తెచ్చిపెట్టుకున్న ఆక్సిజను సిలిండరు తిప్పేలోపల ఆయన నా ముఖమే చూస్తూ ఉండేవాడు.

అన్నిటికంటే నన్ను కోసేసింది వేరే సంగతి. ఆయన పడుకోలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు దిండ్లు పేర్చి, వాటికి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఊరంతటికీ పరుపులు కుట్టిన మనిషి ఒక్క పూటైనా నడుము వాల్చలేకపోవడం చూసి అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. బంధువులొచ్చి మంత్రాలయం దగ్గర ఏదో పసరు మందు ఇస్తారని చెబితే వాళ్ల మీద అరిచాను. అరిచి, సాయంత్రం ఆ మందే తెచ్చాను.

ఒక మధ్యాహ్నం నేను ఆస్పరి పెళ్లి వీడియోలో అప్పగింతలు కత్తిరిస్తున్నాను. కొత్త పరుపు చుట్ట ట్రాక్టరులోకి ఎక్కిస్తుంటే నాయన ఆ తెర వైపే చూస్తున్నాడు. "ఆ కుట్టు నాది కాదు" అన్నాడు. అవే ఆయన ఆఖరి మాటలు. నేను తిరిగి చూసేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. ఆక్సిజను మిషను ఇంకా చప్పుడు చేస్తూనే ఉంది.

మా ఆచారంలో గోరీలో కింద ఏమీ పరచరు. దేన్నీ నేల మీద పెట్టనివ్వని మనిషిని మట్టి మీదే పడుకోబెట్టాం. కిందికి దిగి ఆయన్ను అందుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ మట్టిని అరచేత్తో చాలాసేపు చదును చేశాను. పెద్దలు చాల్లే రమ్మని భుజం తట్టి పైకి లాగారు.

ఆ తరవాత నాకు ఈ లాప్‌టాప్ మీద కక్ష లాంటిది పుట్టింది. ఊదడం మానేశాను. ఎమ్మిగనూరు తీసుకుపోవడం మానేశాను. చార్జింగు తీయకుండా వదిలేశాను, ఎండపొడ పడే చోట పెట్టాను. పోతే పోనీ, పోవాలి అనుకున్నాను. మనిషి పోయాక ఇది మాత్రం ఎందుకుండాలి? కానీ ఇది పోలేదు. ఫ్యాను చప్పుడు కూడా పెరగలేదు. పెళ్లిళ్ల మీద పెళ్లిళ్లు చేసి పెట్టింది. ఈ వాక్యాలు కూడా దీని మీదే రాస్తున్నాను.

మొన్న నేను పని చేసుకుంటుంటే అమ్మ వచ్చి, అలవాటుగా కొంగుతో దీని మూత తుడిచింది. కొంగు చూసుకుంది. కిటికీ దగ్గరికి పోయి ఊచలు తుడిచింది, మళ్లీ కొంగు చూసుకుంది. కొంగుకు దుమ్మేమీ అంటుకోలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇంగ ఎన్నేండ్లు వస్తాదిరా ఇది?" అని అడిగింది.

"ఇంట్లో దూది లేదు గదమ్మా" అన్నాను. "శానా ఏండ్లు వస్తాది."

అమ్మ ఖాళీ పడసాల అంతా ఒకసారి కలయజూసి, ఆ శుభ్రమైన కొంగులోనే ముఖం దాచుకుని ఏడ్చింది.